నీకూ వస్తోందా?

మా లాండ్రీలో ఆమెను అందరం ముక్కు అనే పిలుస్తాం. ముక్కు అందంగా ఉంటుందని కాదు, పాపం అది చిన్న బొడిపె. ఇస్త్రీ బల్లలు వరసగా వేసి ఉన్న ఆ ఆవిరి గదిలో చివరి బల్ల మీద గుడ్డ వేడెక్కితే, మొదటి బల్ల దగ్గర నుంచే వాసన పసిగట్టి "పెట్టె ఎత్తు!" అని అరిచేది. ఎత్తి చూస్తే గుడ్డకు ఇంకా మచ్చ కూడా పడి ఉండేది కాదు. యజమాని ఆమెను చూసి మురిసిపోయేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది, ఎందుకంటే ఆమె అరిచేది ఎక్కువగా నా మీదే.

అలాంటి మనిషి ఒకరోజు "మాడుతోంది" అని అరిస్తే అందరం పెట్టెలు ఎత్తేశాం. ఏదీ మాడలేదు. మర్నాడు మళ్ళీ అరిచింది, మళ్ళీ ఏమీ లేదు. ముక్కుకు ముసలితనం వచ్చిందని అందరికన్నా ముందు ఎగతాళి చేసింది నేనే. ఆ వారంలోనే వాసన వాసన అంటూ బల్ల మీదికి ఒరిగి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయింది. మెదడులో గడ్డ అన్నారు. ఆ వాసన గుడ్డలోంచి కాదు, గడ్డ వల్ల వచ్చేదట.

ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. చెవి వెనక పడ్డ కుట్ల గీతను పెరిగిన జుట్టు కప్పేసింది. ముక్కు మళ్ళీ పనిలోకి వచ్చింది. అయితే డాక్టరు ఇంటికి పంపేటప్పుడు ఒక మాట చెప్పాడు. గడ్డ మళ్ళీ వచ్చే అవకాశం ఉందట, వస్తే అందరికన్నా ముందు ఆ వాసనే చెబుతుందట, అప్పుడు స్కాన్ తేదీ దాకా ఆగకుండా పరుగెత్తుకు రావాలట. ఇస్త్రీ చేసుకునే మనిషికి చెప్పాల్సిన మాటేనా అది! మా బతుకంతా మాడిన వాసనల మధ్యే కదా.

దాంతో ఆమెకు ఒక అలవాటు పడింది. వాసన తగలగానే పని ఆపి, పక్కవాళ్ళను మెల్లగా అడిగేది. "నీకూ వస్తోందా?" మేం గాలి ఎగబీల్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళం. దుకాణంలో ఎప్పుడూ ఏదో ఒకటి నిజంగానే మాడుతుండేది, అదీ చాలాసార్లు నాదే. "వస్తోందే తల్లీ, నా చొక్కాయే" అనగానే ఆమె ముఖం విప్పారేది. చొక్కా మాడిందంటే సంతోషించే మనిషిని నేను ఆమెనే చూశాను.

ఇంట్లోనూ అలాగే అడిగేది. అక్కడా ప్రతిసారీ అందరికీ వాసన వచ్చేది. పాలు అడుగంటాయనేది అత్తగారు. పక్కవాళ్ళు చెత్త తగలబెడుతున్నారనేవాడు భర్త. "మా ఇంట్లో వాసనలకు కొదవ లేదే" అని నాతో నవ్వుతూ చెప్పేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీలు తీసి ఉన్నాయి, పొయ్యి ఎప్పుడో ఆర్పేశారు. నాతో మాట్లాడుతున్నదల్లా ఆగిపోయి, తల ఎత్తి, ఖాళీ గోడ వైపు చూసింది.

"మాడిన వాసన. మీకూ వస్తోందా?"

"ఆ, వస్తోంది" వంటగదిలోంచి అత్తగారు.

"వస్తోంది, వస్తోంది. వీధిలోంచే" వరండాలోంచి భర్త.

"నాకూ వస్తోందమ్మా" లోపలి గదిలోంచి బడికెళ్ళే కూతురు.

ఎవరి గదిలో వాళ్ళు, ఆమె అడగడమే ఆలస్యమన్నట్టు ఒకరి వెంట ఒకరు. ఒక్కరైనా గాలి పీల్చి చూసిన చప్పుడు లేదు. నా నోరు ఊరుకుంటుందా?

"నాకేం రావడం లేదే" అన్నాను.

భర్త గుమ్మంలోకి వచ్చి నన్ను నమిలి మింగేసేలా చూశాడు.

"నీకు జలుబేమో" అంది ముక్కు. నాకు జలుబు లేదని ఆమెకూ తెలుసు.

నేను వచ్చేశాక ఏం చేసిందో మర్నాడు ఇస్త్రీ బల్ల దగ్గర చెప్పింది. అందరూ భోజనానికి కూర్చున్నారట. ఆమెకు ఏ వాసనా రావడం లేదు. అయినా కావాలనే తల ఎత్తి, "కిరోసిన్ వాసన. మీకూ వస్తోందా?" అని అడిగింది. ఎవరో ఒలకబోసుంటారంది అత్తగారు. భర్త లేచి కిటికీ మూశాడు. పిల్ల ముక్కు మూసుకుని దగ్గింది.

"పిల్లది నటన కాదే" అంది, గొంతు తగ్గించి. "దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేని వాసన దానికి నిజంగానే వచ్చింది. నా ఇంట్లోవాళ్ళను చూసి నాకే భయమేసింది."

అక్కడికక్కడే నిలదీసిందట, ఇన్నాళ్ళూ వచ్చిందన్నవాటిలో నిజంగా వచ్చినవెన్ని అని. "అవునంటే నీ ముఖం తేటపడుతుంది. అందుకే అందరినీ అలా చెప్పమన్నాను" అన్నాడు భర్త తల దించుకుని. ఏది నిజమో ఇప్పుడు వాళ్ళకే తెలియదు. నాకు కోపం ముంచుకొచ్చింది. గడ్డ మళ్ళీ వచ్చినా కుర్చీ వేసి కూర్చోబెట్టేలా ఉన్నారు, ప్రేమంటే ఇదా?

ఆమె స్కాన్ తేదీ దాకా ఆగలేదు. తోడు నేనే వెళ్ళాను. బయట బల్ల మీద కూర్చుని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది. ఏమీ లేదన్నారు. తల శుభ్రంగా ఉందన్నారు. ఇద్దరం అక్కడే ఏడ్చేశాం. ఇంటికెళ్ళగానే ఇంకెప్పుడూ అబద్ధం చెప్పకూడదని అందరి చేతా ఒట్టు వేయించుకుంది.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం ఆలస్యంగా వచ్చి, పెట్టె వేడెక్కినా గుడ్డ అందుకోకుండా నిలబడింది.

"ఏమైందే?" అన్నాను.

"నిన్న సాయంత్రం పిల్ల చదువుకుంటూ చదువుకుంటూ ఆగిపోయింది. తల ఎత్తి ఆ గోడ వైపే చూసింది. 'అమ్మా, మాడిన వాసన, నీకూ వస్తోందా?' అంది."

"నీకొచ్చిందా?"

"లేదు. వాకిట్లోకి కూడా వెళ్ళి చూశాను. ఏమీ లేదు."

"మరి దానికేం చెప్పావు?"

ఆమె పెట్టె ప్లగ్గు పీకేసింది.

"వస్తోందమ్మా అన్నాను. ఒట్టు వేయించుకున్నదాన్ని నేనే, నా నోటికి అదే వచ్చింది. అది హాయిగా నవ్వి మళ్ళీ పుస్తకంలో తల దూర్చింది."

నేను నా పెట్టె ఎత్తి పక్కన పెట్టాను.

"ఇవాళ దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. నువ్వూ రావే" అంది. "దారిలో అది మళ్ళీ అడిగితే ఉన్నది ఉన్నట్టు నువ్వు చెప్పు. నా వల్ల కాదు."