బల్ల దగ్గర ఎలీషబా

రాచర్ల దగ్గర ఆ పల్లెలో ఎలీషబా నోరంటే కందిచేలకు కూడా భయం. పద్దెనిమిది మంది ఆడకూలీల ముఠాకు ఆమె మేస్త్రి. కలుపు తీసేటప్పుడు ఒక్క సాలు వెనకబడినా పేరుపెట్టి తిట్టేది. అదే మనిషి, ఎవరి పిల్లకైనా జ్వరమని తెలిస్తే తనే ఆటో ఎక్కించి గిద్దలూరు తీసుకుపోయేది. అట్లాంటి ఎలీషబా, నలభై రెండేళ్ళ వయసులో, నిరుడు ఎండాకాలంలో చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి పరుగెత్తింది.

మామూలు ఆదివారమైతే ఊరు మరిచిపోయేది. కానీ అది నెలలో మొదటి ఆదివారం, బల్ల రోజు. రొట్టె, ద్రాక్షరసం పంచే పూట. పళ్ళెం తన వరసలోకి రాగానే గుండె దడదడలాడింది, చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకుంది. చెప్పులైనా వేసుకోకుండా బయటపడింది. మరుసటి నెలా అంతే.

ఆ సంఘంలో బల్ల దగ్గర లేచిపోయిన మనిషికి దాచుకున్న పాపం ఉన్నట్టే లెక్క. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుందని తేల్చేశారు. దొంగతనమని ఒకామె, మొగుడికి తెలియకూడనిదేదో ఉందని ఇంకొకామె. లోకులు కాకులంటారు గానీ కాకులే నయం, అవి మొహం మీదే అరుస్తాయి.

సంఘపెద్ద ఆశీర్వాదం ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఒప్పుకోమ్మా. సంఘం ముందర ఒప్పుకుంటే అయిపోతాది."

"ఏం ఒప్పుకోవాల పెదనాయనా?"

"అది నీకే తెలియాల."

ఇరవై ఏళ్ళు ఆమెతో కాపురం చేసిన భర్త సామ్యేలు గడపలో నిలబడి నేల చూస్తున్నాడు. ఒళ్ళు మండేది ఆశీర్వాదం మీదకంటే ఈయన మీదే.

మార్కాపురంలో గుండె పరీక్షలన్నీ చేయించుకుంది. గుండె గుండ్రాయిలా ఉందన్నారు. చివరికి మాధవి అనే మానసిక వైద్యురాలు, ఇది పానిక్ డిజార్డర్ అనే, ఉన్నట్టుండి ప్రాణభయం ముంచుకొచ్చే జబ్బని చెప్పింది. కొన్ని ఫొటోలు చూపించి ఎవరెట్లా ఉన్నారో చెప్పమంది. నవ్వేవాళ్ళను ఎలీషబా సరిగ్గానే చెప్పింది. ఏ భావమూ లేని మొహాలు వచ్చేసరికి అన్నీ కోపమే అంది. ఒక ముసలామె ఫొటో దగ్గర ఆగి, "ఈమెకు నామీద కోపమెందుకు మేడమ్?" అని అడిగింది కూడా.

"ఆమెకు మీరెవరో కూడా తెలియదమ్మా," అంది మాధవి. "గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే మీ మనసు చావొచ్చిందంటుంది. ఊరికే ఉన్న మొహం కనిపిస్తే కోపమంటుంది. ఏమిటో తేలనిదాన్నంతా ముప్పు కిందే లెక్కేస్తుంది. ఎవరిని చూసినా ముందు మామూలు మొహం అనుకోండి. తర్వాత రుజువు చూడండి."

మాత్రలు వేసుకుంటూ ఎలీషబా నెలన్నర ఆ పాఠమే సాధన చేసింది. ఆటోలో ఎదురు సీటువాడు, దుకాణం కాశమ్మ, ముఠాలో ఆడవాళ్ళు, అందరివీ మామూలు మొహాలే. కాశమ్మైతే పలకరించి టీ కూడా ఇచ్చింది. ఇక ఎలీషబాకు కావలసింది ఒక్కటే. మొదటి ఆదివారం లేవకుండా కూర్చుని ఆ రొట్టె తినాలి. తింటే ఊరి నోళ్ళు మూతపడతాయని ఆశపడింది.

ఆ రోజు వచ్చింది. జంపఖానా మీద ముసుగేసుకుని, తన ముఠాలోనే పనిచేసే కేథరిన్ పక్కన కూర్చుంది. కేథరిన్ మోకాళ్ళు అటు తిప్పుకుంది. కాళ్ళు పట్టేశాయేమో అనుకుంది ఎలీషబా. ఆశీర్వాదం పళ్ళెంతో వచ్చి కేథరిన్‌కు రొట్టె ఇచ్చాడు. ఎలీషబా చాచిన చేతులు దాటి అవతలామెకు ఇచ్చాడు. చూసుకోలేదేమో, మామూలు మొహమే అనుకుంది. చేతులు అట్లాగే చాచి ఉంచింది. ద్రాక్షరసమూ దాటిపోయింది. ముసుగుల కింద ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని మూతులు తిప్పుకున్నారు. జబ్బు మనిషి కష్టపడి నేర్చుకున్న పాఠాన్ని ఆ జనం ఒక్క పూటలో బూడిదలో పోశారు.

ఎలీషబా లేచింది. అందరూ గుమ్మం వైపు చూశారు. ఆమె బల్ల వైపు నడిచింది.

"నన్ను ఇడిసిపెట్టినావు పెదనాయనా. చూసుకోలేదా, కోపమా?"

"కోపమే. సంఘానికంతా కోపమే. ఒప్పుకునేదాకా నీకు రొట్టె లేదు."

గుండె పరుగెత్తుతుందని ఆమె కాచుకుని నిలబడింది. పరుగెత్తలేదు. ఇన్నాళ్ళూ ఆమెను చంపింది కోపమో కాదో తేలకపోవడం. ఇప్పుడు తేలిపోయింది.

"నాకుండేది జబ్బు. మార్కాపురంలో మందులు తింటాండా. పాపం గాదు."

అని పళ్ళెం పట్టుకుంది. ఆశీర్వాదం వెనక్కి లాగాడు. కొడవలి పట్టిన చెయ్యి అది, వదల్లేదు. ముక్క తీసుకుని నోట్లో వేసుకుని, తిరిగొచ్చి తన చోటే కూర్చుంది.

కేథరిన్ లేచి గోడవైపు జరిగింది. ఆమె వెనకే వరసంతా జరిగింది. ఖాళీ జంపఖానా మధ్యలో ఎలీషబా ఒక్కతే కూర్చుని, ఆఖరి పాట అందరికంటే గట్టిగా పాడింది.