వంటింట్లోకి టీవీ

సునామీలో సముద్రం ఒడ్డునున్న మా హోప్ టౌన్ ఇల్లు పోయాక, పట్నంలోని మిడిల్ పాయింట్‌లో అద్దెకు చేరాం. అప్పటి నుంచి సముద్రపు హెచ్చరికలు ఏమైనా వస్తున్నాయేమోనని, అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి మాటిమాటికీ హాల్లో టీవీ దగ్గరికి పరుగెత్తేది. ఏళ్ల తరబడి అది చూసి చూసి ఇక తట్టుకోలేక, బొటనవేలంత యూఎస్‌బీ టీవీ ట్యూనర్ ఒకటి తెప్పించాను. దాన్ని రౌటర్‌కి గుచ్చితే వైఫై మీద ఫోన్‌లోకే టీవీ వస్తుందని దాని అట్టపెట్టె మీద రాసుంది. ఆ మాట రాసినవాడు ఉపగ్రహం మీద నడిచే మా దీవుల ఇంటర్నెట్ ఎరగడు. ట్యూనర్‌కి కావలసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ చిన్న ఫైలే, కానీ మబ్బు పట్టినప్పుడల్లా డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయేది. తీరా దిగాక అది మా రౌటర్‌కి సరిపడదని తేలింది. మళ్లీ మొదలు. వర్షాకాలమంతా ఆ ట్యూనర్‌ని తిట్టుకుంటూనే గడిపాను.

చివరికి ఒక ఆదివారం ఫోన్‌లో బొమ్మ పడింది. తీసుకెళ్లి వంటింటి గోడకి ఆనించాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ కాసేపు చూసింది.

"బాగుందిరా. బిజిలీ పోతే ఇది కూడా బంద్ అయిపోద్దా?"

"రౌటర్ కరెంటు మీదేగా, అయిపోద్ది" అన్నాను.

"సునామీ రోజు నీళ్లు రాకముందే బిజిలీ పోయింది కదరా."

నాకు కోపం కూడా రాలేదు. చెప్పులేసుకుని, పాత రేడియోకి సెల్లులు కొనడానికి బయల్దేరాను.