కర్చీఫ్ వేసిన సీటు

మాది కూచిపూడి. ఊరి పేరు చెప్పగానే నాట్యం వచ్చా అని అడుగుతారు. నాకు వచ్చిందల్లా ముప్పై ఏళ్ళు కండక్టరుగా ఫుట్‌బోర్డు మీద పడకుండా నిలబడటం. రిటైరై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటుంటే, మా వీధిలో ఉండే వసుంధర గారు ఒకరోజు, "రోజూ వందల మందితో మాట్లాడిన మనిషి మీరు, నాతో ఓసారి జైలుకి రండి" అన్నారు. ఆవిడ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నెలకోసారి విజయవాడలో ఒక జైలుకి వెళ్ళి ఖైదీలనూ వార్డర్లనూ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటారు. ఏదో ఒక వస్తువు చేతులు మారుతుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. మాట్లాడటమేగా, నాకు కొట్టిన పిండి అనుకున్నాను.

బుధవారం పొద్దున ఏడూ పదికి పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి వసుంధర గారికి జీరో టిక్కెట్టు, నాకు రిటైరైనవాళ్ళ పాసు. ఛార్జీ ఎంతో రాయను, మీరు వెళ్ళేసరికి మారుతుంది. పామర్రులో ఎక్కిన ఒకాయన నా పక్కన కూర్చుని ఎక్కడికండీ అన్నాడు. జైలుకి అన్నాను. కొంచెం జరిగి కూర్చున్నాడు.

"ఖైదీలకి, వార్డర్లకి మాటలు కలపడానికండీ" అని వివరం చెప్పాను.

ఆయన ఉయ్యూరు దాకా ఆలోచించి, "మా అన్నకీ నాకూ పదేళ్ళ నుంచీ మాటల్లేవండి. ముందు మా ఇంట్లో పెట్టండి ఆ మీటింగేదో" అన్నాడు.

ఉయ్యూరులో బస్సు పది నిమిషాలు ఆగితే ఇడ్లీ తిన్నాం. చట్నీ పలచన, టీ బాగుంది. తొమ్మిదిన్నరకి బెంజ్ సర్కిల్‌లో దిగి, ఆటోలో పదికల్లా జైలు గేటు దగ్గరున్నాం. వెళ్ళాలనుకునేవాళ్ళు ఆధార్ కార్డు మరిచిపోకండి. ఫోన్లు తీసుకున్నారు, చెప్పులు కూడా తిప్పి చూశారు. చేతులు మారే వస్తువుగా పనికొస్తుందని నేను నా పాత విజిల్ తీసుకెళ్ళాను. గేటులో ఉన్నాయన దాన్ని చూసి, "ఇక్కడ విజిల్ మోగిందంటే అందరం లాఠీలు పట్టుకుని పరిగెత్తాలి మాస్టారూ" అని పక్కన పెట్టేశాడు.

లోపల ఒక హాల్లో చాపల మీద పదిమందిమి కూర్చున్నాం. ఆరుగురు ఖైదీలు, ఇద్దరు వార్డర్లు, మేమిద్దరం. విజిల్ లేదు కాబట్టి జేబులోంచి నా కర్చీఫ్ తీశాను. ఒక ఖైదీ నవ్వి, "బస్సులో లాగే. కర్చీఫ్ ఎవరిదైతే సీటు వాళ్ళది" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంత తేలికా అనిపించింది నాకు.

కర్చీఫ్ నాగేశ్వరరావు అనే వార్డరు దగ్గరికి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆయన నా కుడిపక్క కూర్చున్న రాంబాబు వైపు చూశాడు.

"వీళ్ళమ్మ హనుమాన్ జంక్షన్ అవతల నుంచి రెండు బస్సులు మారి వస్తది. రెండుసార్ల నుంచీ ఇతను ములాఖత్‌కి రానంటున్నాడు. రానన్నాడమ్మా అని ఆవిడకి చెప్పాల్సింది నేను. ఇవాళ రెండింటికి మళ్ళీ వస్తది. నేనేం చెప్పను? ఇంత పొగరేంటసలు?"

అక్కడి నుంచి కర్చీఫ్ రాంబాబు చేతికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, రిమాండులో ఉన్నాడు. దాన్ని వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు. నోరు విప్పడే! నిమిషం గడిచిందో, రెండు గడిచాయో. నిండు బస్సులో ఒక్కడు దారికి అడ్డంగా నిలబడితే నాకెలా ఉండేదో అలా ఉంది. "పర్లేదులే, తర్వాత చెబుదువుగాని" అంటూ కర్చీఫ్ లాగేసుకున్నాను.

రాంబాబు తల దించుకున్నాడు. నాగేశ్వరరావు గోడ వైపు చూశాడు. వసుంధర గారికి ఒళ్ళు మండిందని తెలుస్తూనే ఉంది, కానీ ఆవిడ పెట్టిన నియమమే ఆవిడ నోరు కట్టేసింది. కర్చీఫ్ నా చేతిలో ఉంది, మాట్లాడాల్సింది నేనే. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

"ముప్పై ఏళ్ళు నా బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపితే ఊరుకోలేదు" అన్నాను. "కర్చీఫ్‌కి సీటేంటి, మనిషికే సీటు అని తీసి అవతల పారేసేవాణ్ణి. ఇవాళ మనిషి కూర్చునే ఉన్నాడు, అయినా లాగేశాను. తప్పు నాది బాబూ. నీ సీటు నీకిచ్చేస్తున్నాను. నువ్వు మాట్లాడకపోయినా అది నీదే."

ఈసారి ఎంతసేపు పట్టిందో తెలియదు. నేను చాప మీద గళ్ళు చూస్తూ కూర్చున్నాను.

"మా అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు సార్" అన్నాడు రాంబాబు. "ములాఖత్‌లో ఇనప జాలీకి ఇటు పదిమందిమి, అటు పదిమంది, అందరం అరుస్తాం. నేనేం చెప్పినా నవ్వుతా తలూపుద్ది. ఒక్క ముక్క వినపడట్లేదని చివరికి తెలిసింది నాకు. తలూపటానికి రెండు బస్సులు మారి వస్తది సార్. అది చూడలేక రానన్నాను."

కర్చీఫ్ నాకు ఇచ్చాడు. నాగేశ్వరరావు ఏదో అనబోయి ఆగిపోయాడు. కర్చీఫ్ ఒకవైపుకే తిరుగుతుంది, ఆయన వంతు రావాలంటే చుట్టూ తిరిగి రావాలి. అందరూ చేతిలోంచి చేతిలోకి గబగబా అందించారు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"రమ్మన్నానే గాని ఎందుకు రావట్లేదని నేను అడగలేదు. ములాఖత్‌కి మిగతావాళ్ళని లోపలికి వదలకముందు మీ ఇద్దరికీ ఒక పది నిమిషాలు ఇవ్వమని సూపరింటెండెంట్ గారిని అడుగుతాను. కాదంటే కాదన్నారని వచ్చి నీతోనే చెబుతాను."

ఒంటిగంట దాటాక బయటికి వచ్చాం. దగ్గర్లోని మెస్సులో భోజనం చేశాం. గోంగూర పచ్చడి బాగుంది గాని నా చూపు గోడ గడియారం మీదే ఉంది. ఆయన అడిగాడా, వాళ్ళు ఒప్పుకున్నారా? చేతులు కడుక్కుంటుంటే విజిల్ గేటు దగ్గరే మరిచిపోయానని గుర్తొచ్చింది. వసుంధర గారు నవ్వి, "మరిచిపోయారా, వదిలేసొచ్చారా" అన్నారు. నిజంగానే మరిచిపోయాను.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి రెండూ ఇరవై అయింది. విజిల్ తీసుకుని వెనక్కి తిరిగేసరికి ములాఖత్‌కి జనం అప్పుడే వరసగా లోపలికి వెళ్తున్నారు. వాళ్ళకి ఎదురుగా ఒక ముసలావిడ సంచీ పట్టుకుని ఒక్కతే బయటికి వస్తోంది. నా చేతిలో విజిల్ చూసి నన్ను జైలు మనిషే అనుకుందేమో, ఆగింది. చెవులు వినపడనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, వీధంతా వినపడేలా చెప్పింది.

"మావాడు మాట్లాడాడు బాబూ. అన్నం తింటున్నావా అమ్మా అన్నాడు. నాకు వినపడింది."

నేను తలూపాను.

నాలుగింటికి తిరుగు బస్సు. జనం కిటకిటలాడుతున్నారు. ఎక్కగానే కిటికీ పక్క సీటు మీద ఎవరిదో నీలం కర్చీఫ్ కనిపించింది, మనిషి లేడు. అలవాటు కొద్దీ చెయ్యి వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. వెనకాయన "ఖాళీయేనాండీ" అని అడిగాడు.

"కాదండీ. మనిషి వస్తాడు, ఆగుదాం" అన్నాను. ఆ సీటు పక్కనే నిలబడ్డాను.