గాలి దున్నిన మంచు

మంచు ఫొటో ఎక్కడ చూసినా నాకు గోధుమలు గుర్తొస్తాయి.

అరకు పాసింజరు సొరంగం మధ్యలో ఆగిపోయింది. ముందు పట్టాల మీద కొండరాళ్లు పడ్డాయన్నారు. దిగే చోటు లేదు. కిటికీ అవతల చెయ్యి చాపితే తగిలే తడిగోడ.

ఎదురుగా కూర్చున్న గిరిజన తల్లి కొంగుముడి విప్పి ఒక నలుపు తెలుపు ఫొటో ఇచ్చింది.

"మిల్ట్రీలో ఉన్న మా గుంటడు తీసి పంపినాడు. సూడు బాబూ."

అందులో మనిషి లేడు, చెట్టు లేదు. అంచు నుంచి అంచుదాకా మంచు. దాని మీద గాలి కోసిన గీతలు, వెలుగుపక్క తెల్లగా, నీడపక్క నల్లగా.

"బేగి రానేడంట. మంచుకి దారి మూసుకుపోనాదంట," అంటూ ఆ గీతల వెంట వేలు నడిపించింది. "అయినా సుట్టూ దుక్కి దున్నీసి ఉన్నాది గదా. దగ్గర్లో ఊరున్నట్టే. ఏటి పండిత్తారు బాబూ అక్కడ?"

అవి నాగలిచాళ్లు కావన్న మాట నా నోటిదాకా వచ్చింది.

"గోధుమలు," అన్నాను.

"అయితే ఆడికి తిండికి లోటు నేదు."

ఫొటో మళ్లీ కొంగున కట్టుకుని, బండి ఆగాక మొదటిసారి వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

నేను కిటికీ వైపు తిరిగాను. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.