నీలమ్మ ఉల్టా పడవ

చందానగర్‌లో నీలమ్మ కుట్టుమిషన్ తొక్కుడు మొదలుపెడితే గోడ మీద కాకి కూడా జాగా మార్చుకునేది. మొగుడు పోయాక ఆ మిషన్ మీదే ఇల్లు లేపింది. పైగదిలో కిరాయికి దిగిన కాకినాడ కుర్రాడు రవికిరణ్‌కి హైటెక్ సిటీలో ఉద్యోగం. జ్వరమొస్తే వాడికి చారు పోసేది, తగ్గగానే తిట్టేది.

తొంభై తొమ్మిదిలో ఆఫీసువాళ్లు ఫ్యామిలీలతో ఊటీ టూరు పెట్టారు. పెళ్లి కాని రవికిరణ్ నీలమ్మని వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

"ఇంటి ఓనరు ఫ్యామిలీ ఎలా అవుతారండి?" అన్నాడు మేనేజర్ పార్థసారథి. బస్సంతా నవ్వింది. నీలమ్మ ఊటీ దాకా కిటికీ వైపే చూసింది.

మర్నాడు పొద్దున చెరువులో తొక్కుడు పడవల పందెం. ముందు అవతలి గట్టు తాకిన ఫ్యామిలీ గెలిచినట్టు.

"మీరిక్కడే టీ తాగుతూ కూర్చోండమ్మా," అన్నాడు పార్థసారథి.

నీలమ్మ కొంగు దోపి రవికిరణ్ పక్కన పడవలోకి దిగింది. "గెలిస్తే ఫ్యామిలీ అంటవా సారూ?"

"గెలవండి చూద్దాం."

పడవలన్నీ గట్టుకి ముక్కు ఆనించి కట్టున్నాయి. ఈల పడగానే అందరూ వెనక్కి తొక్కి, మళ్లించుకుని ముందుకి పోయారు. నీలమ్మ మాత్రం వెనక్కే తొక్కుతోంది. మిషన్ కాళ్లు కదా, ఒక్కసారి ఊపందుకున్నాయంటే దిశ మారవు.

"ఆంటీ, తిప్పాలి. పరువు పోతోంది."

"నా కాళ్లు గిట్లనే నడుస్తయి. నువ్వు హ్యాండిల్ పట్టుకో."

అంతలో కొండల మీంచి పొగమంచు దిగి ముందుపోయిన పడవల్ని మింగేసింది. "లెఫ్టన్నాను కదండీ", "మీరే తిప్పారండీ" అని మొగుడూపెళ్లాల గొడవలే వినబడుతున్నాయి. నీలమ్మ ముఖం బయల్దేరిన గట్టు వైపే ఉంది. అక్కడ టీకొట్టు లైటొకటి మసగ్గా వెలుగుతోంది.

"ఆ లైటు నీ ముక్కుకు సూటిగ ఉండాలె. జర పక్కకు జరిగినా తిప్పు," అంది.

కాసేపటికి పడవ వీపు దేనికో దబ్బుమని తగిలింది. అవతలి గట్టు. మఫ్లర్ చుట్టుకున్న కాపలాదారు తప్ప నరమానవుడు లేడు. వీళ్లని చూసి ఫస్టన్నట్టు ఒక వేలెత్తి నవ్వాడు.

నీలమ్మ ఆయాసం తీర్చుకుంటుంటే మంచులోంచి గొంతొకటి వచ్చింది. "ఎవరైనా ఉన్నారాండీ? గట్టెటు?"

"మీ సారే. పా, పట్కొద్దాం," అని నీలమ్మ ఈసారి ముందుకి తొక్కింది.

గొంతు దగ్గరపడింది. "ఎవరండీ వస్తున్నది?"

నీలమ్మ తొక్కుడు ఆపి కొప్పు సర్దుకుంది. "రవికిరణ్ ఫ్యామిలీ."

అటువైపు నుంచి తాడొకటి వచ్చి నీళ్లలో పడింది. వెనకే నీరసంగా పార్థసారథి గొంతు, "రండి ఫ్యామిలీగారూ, ఈ తాడు అందుకోండి."

"ఇంకోపారి అను సారూ," అంది నీలమ్మ. "తాడు తర్వాత."