అయిదిళ్ల కందిపప్పు

కందిపప్పు తినడం మానేసి చాలా ఏళ్లయింది. వండుతాను, వడ్డిస్తాను, నోట్లో పెట్టుకోను. పడదేమోనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అనుకోనీ.

సిరిసిల్లలో మా గల్లీకి అప్పట్లో ఒకే కిరాణం దుకాణం. దుకాణపాయన పావుకిలో పప్పు పొట్లం కట్టిస్తే అందులో గుప్పెడు రాళ్లు ఉండేవి. ఒకరోజు కోపమొచ్చి తక్కెడ పళ్లెం తిప్పి చూశాను. అడుగున నిమ్మకాయంత చింతపండు ముద్ద అంటించి ఉంది. దుమ్ము పట్టి నల్లగా, దానికి రెండు చీమలు. థూ! ఆ ముద్దను గీకి మళ్లీ ఎవరికి అమ్మేవాడో! మగవాళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఆడవాళ్లం బీడీల చాటల ముందు, పొద్దంతా నడుములు పడిపోయేలా పని చేసి వాడి చింతపండుకు కూడా డబ్బులు కడుతున్నామన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే అయిదిళ్లవాళ్లం కలిశాం. నా తల్లిగారి ఊరు కోరుట్ల. అక్కడ టోకు దుకాణంలో ఒకేసారి కొంటే చాలా అగ్గువ. రెండు నెలలకోసారి నేను వెళ్లి పప్పు, బెల్లం, మిరపకాయలు తెచ్చి అందరికీ పంచాలి. ఏడో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి ఎవరికెంత కావాలో పేర్లతో సహా చీటీ రాసేది నేనే. డబ్బులు కూడా నా చేతికే, ఎవరికి వారు చాటుగా ఇచ్చేవాళ్లు.

ఆసారి అందరూ నాలుగేసి కిలోల పప్పు చెప్పారు. మూలింటి అక్క మాత్రం పది అంది. ఆమె మొగుడు మగ్గాల పనికి పోయి భీవండిలో ఉండేవాడు. ఇంట్లో ఆమె, ఇద్దరు పిల్లలు.

"పదా? మీరు ముగ్గురే గదా అక్కా?" అన్నాను.

"సుట్టాలొస్తరు చెల్లె. రాయి" అంది.

రాశాను. గుండ్రటి అక్షరాలతో, ఆమె పేరు పక్కన పది.

వచ్చేటప్పుడు కథలాపూర్ దాటాక పోలీసులు బస్సు ఆపారు. అన్నలు, అదే నక్సలైట్లు, తిరిగే రోజులు. బస్సులు ఆపడం కొత్త కాదు. కానీ ఆరోజు సామాను కిందికి దించమన్నారు. ముందు సీటు ముసలాయన బియ్యం మూట విప్పించి "ఎవలకు తీస్కపోతున్నవ్ రా?" అని చెంప మీద కొట్టారు. అప్పుడు తట్టింది నాకు. మూలింటి అక్క తమ్ముడిది చందుర్తి దగ్గర ఊరు. వాడు బొంబాయి పోయాడని ఆమె చెప్పేది. వాడు పోయింది బొంబాయి కాదు, అడవికని గల్లీ అంతటికీ తెలుసు. పైకి ఎవరూ అనేవాళ్లు కాదు. పది కిలోలు తినే చుట్టాలెవరో నాకు ఆ బస్సులో అర్థమైంది.

చీటీ కొంగు ముడిలో ఉంది. చింపి పారేస్తే చూస్తారు. ఆకువక్క తీసినట్టు తీసి, ఉండ చేసి నోట్లో పెట్టుకున్నాను. చెమట, మిరప ఘాటు, నా వేళ్లకు పట్టిన బీడీ తంబాకు కంపు, అన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. నమిలి ఓ బుగ్గన నొక్కిపెట్టాను.

ఎస్సై నా దగ్గరికి వచ్చాడు. "గిన్ని సామాన్లు ఎవలకే? అన్నలకా?"

నోరు తెరవలేకపోయాను.

"ఏందది నోట్లె?"

"ఆకువక్క సారూ" అన్నాను పళ్లు కదపకుండా.

"మింగి మాట్లాడు."

మింగాను. పన్నెండుమందిమి ఉండే ఇల్లు సారూ, సాంచాల మీది పనోళ్లు కూడా మా దగ్గరే తింటారు అని చెప్పాను. వాడు నమ్మలేదు. పప్పు మూట కుట్టు కోసి రోడ్డు మీద కుమ్మరించాడు. ఇంకో పోలీసు బెల్లం ముద్ద విరిచి నోట్లో వేసుకుని, వేళ్లు నాకి, తడి చెయ్యి నా పప్పుకే తుడిచాడు. ఏమీ దొరకలేదు. "జల్ది ఎక్కక్కా" అని కండక్టరు తొందర పెడుతుంటే ఆ దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని పప్పు దోసిళ్లతో మళ్లీ మూటలోకి ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చాక చాప మీద పోశాం. కిలో దాకా పోయింది, ఇరవైఅయిదు మిగిలింది. అందరూ గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు.

"చీటేది?" అంది ఎదురింటి వదిన. ఆమె మొగుడు రోజూ పోలీసులతో చాయ్ తాగుతాడు.

"రోడ్డు మీద పోయింది" అన్నాను.

"గా చీటన్న సక్కగ పెట్టుకోరాదా? బుద్ధుండాలె. ఇగ అందరికి సమానం పంచు, లొల్లుండది."

మూలింటి అక్క మెల్లగా అంది. "నేను ఎక్కువ జెప్పిన గదా."

"ఎంత?"

"పది."

"ముగ్గురికి పది కిలోలా? ఎవలు తింటరే గంత పప్పు?"

ఆమె నా వైపు చూసింది. రాసింది నేను, డబ్బులు తీసుకుంది నేను. ఆ గదిలో ఆమెకు నేనొక్కదాన్నే సాక్షిని. సుట్టాలొస్తారని ఆమె చెప్పిన మాట నేను మళ్లీ చెప్పినా సరిపోయేది. పది కిలోలు నాతో ముందే రాయించిందని చెప్పినా సరిపోయేది. నేను చాప మీది పప్పులోంచి రాయి ఏరాను.

"మర్శిపోయిన తియ్. మాకు అయిదు సాలు" అంది ఆమె. గిన్నె నింపుకుని వెళ్లిపోయింది.

ఎదురింటి వదినకు భయపడ్డానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఛీ, అంతా అబద్ధం. భయం ఉంది, నిజమే. కానీ అయిదు కుప్పలు పోసినప్పుడు నా కుప్ప నాలుగు కిలోలు కాదు, అయిదు అని మొదట చూసింది నేనే. మర్నాడు పాలకు పోతున్నట్టు పోయి ఆ కిలో ఆమె ఇంట్లో పెట్టి రావచ్చు. ఆమె ఇల్లు ఎంత దూరమని? పదడుగులు. పోలేదు. పది కిలోలకని ఆమె దగ్గర ఎక్కువ తీసుకున్న డబ్బూ తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఆమె తమ్ముడు ఏమయ్యాడో నేనూ అడగలేదు.

రెండు రోజులకు ఆ పప్పు వండాను. నీళ్లలా ఉండే మా ఇంటి పప్పు ఆరోజు గరిటె నిలబడేంత చిక్కగా వచ్చింది. అత్త వేళ్లు నాకి, "ఈపారి మస్తు ఆదా జేసినవ్ బిడ్డా" అంది.

నేను మారు వడ్డించుకున్నాను.