కుడికాలి పదవీ విరమణ

చక్రం కనిపెట్టిన మనిషిని చరిత్ర నెత్తిన పెట్టుకుంది. దాన్ని ఆపడం కనిపెట్టినవాణ్ణి మాత్రం కనీసం పలకరించలేదు. ఈ ఘోరమైన అన్యాయాన్ని సరిదిద్దే భారం చివరికి ఒక సామాన్యుడి కుడికాలి మీద పడింది.

ఆ కాలు గల పెద్దమనిషి డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టే ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పరీక్షకు వచ్చినవాళ్ల పక్క సీట్లోనే కూర్చున్నాడు. ఆఫీసు కారులో ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉండేది. స్టీరింగు వణికే చేతుల్లోనూ, బ్రేకు తన పాదం కిందా ఉన్నంతకాలం ఆయన సంసారం సజావుగా సాగింది. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు చప్పట్లు కొట్టి, బ్రేకును తామే ఉంచుకుని, మనిషిని ఇంటికి పంపేశారు. ఆ కబురు కుడికాలికి ఎవరూ చెప్పలేదు. అది బస్సులో తొక్కేది. ఆటోలో తొక్కేది. లిఫ్టు కిందికి దిగుతుంటే తొక్కేది. సినిమాలో హీరోగారి కారు లోయవైపు దూసుకుపోతుంటే, ముందు సీటాయన వెనక్కి తిరిగి “ఏంటండీ ఆ తన్నుడు!” అనేదాకా తొక్కేది.

కాలేజీ స్నేహితులు ఆయన్ని బ్రేకు అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది పిచ్చుక. పిచ్చుకంటే, ఆ రోజుల్లో ఫిజిక్సు క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని కూడా బోర్డు కనిపించక లేచి నిలబడే పొట్టి అమ్మాయి. తర్వాత లైబ్రేరియన్ అయింది. రిటైరయ్యాక, తోటివాళ్లంతా మోకాళ్లకు తైలాలు వెతుక్కునే వయసులో, కారు నేర్చుకుంది. సీటు మీద దిండు వేసుకుంటే గాని ఆమెకు రోడ్డు కనిపించదు. లైసెన్సు కూడా వచ్చింది. ఇచ్చింది వేరే ఇన్‌స్పెక్టరు కాబట్టి బ్రేకు దృష్టిలో అది ఇంకా రానట్టే లెక్క.

ఈ ఇద్దరూ, బ్యాంకు మేనేజరుగా రిటైరై వీళ్ల నోట ఒట్టి ‘బ్యాంకు’గా మిగిలిన మరో మిత్రుడూ అప్పుడప్పుడూ కలిసి భోంచేస్తారు. ముందు ఎవరికి ఏ పన్ను ఊడిందో విచారించుకుని, తర్వాత ఎవరి ఉద్యోగం గొప్పదో వాదించుకోవడం ఆనవాయితీ. ఈసారి మాత్రం వాదన పిచ్చుక ఇంటి వాకిట్లోనే, వేరే విషయం మీద మొదలైంది. ముందురోజు ఆమె కారు గేటుకు రాసుకుంది. దాంతో కూతురు కంగారుగా వచ్చి కూర్చుంది.

“కారు అమ్మేద్దాం అమ్మా. ఎక్కడికెళ్లాలన్నా మా ఆయన దింపుతారుగా.”

“దింపుతాడు, వీలు చూసుకుని. మీ నాన్నకి కళ్లు చూపించాలంటే ఆ డాక్టరు వీలూ, మీ నాన్న వీలూ, అల్లుడుగారి వీలూ ఒక్క గీత మీదికి రావాలి. సూర్యుడికీ చంద్రుడికీ అయితే కుదురుతుంది గానీ, మనకా?”

“గేటు కనపడలేదు నీకు. రేపు మనిషి కనపడకపోతే?”

పిచ్చుక ముఖం పాలిపోయింది. ఆ ప్రశ్న ఆమె కూడా రాత్రంతా వేసుకున్నట్టే ఉంది. తాళం పిడికిట్లో బిగించి, బ్రేకు వైపు వేలు చూపించింది.

“మావయ్య నా పక్కన కూర్చుంటాడు. హోటలుదాకా నేనే నడుపుతా. దారిలో ఆ కాలు ఒక్కసారి తొక్కినా తాళం నీ చేతిలో పెట్టేస్తా. తొక్కకపోతే అమ్మకం మాట మళ్లీ ఎత్తకూడదు.”

“నన్నెందుకే మధ్యలో ఇరికిస్తావ్?” అన్నాడు బ్రేకు. “కుర్చీలో కునుకు తీస్తూ కూడా తొక్కే కాలే ఇది!”

“అందుకేరా.”

కూతురు ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “మావయ్యా, మొహమాటపడి ఆపుకోకండి. మా అమ్మ ప్రాణం మీకు తమాషా కాదుగా.”

“వీడికి మొహమాటమా?” అన్నాడు బ్యాంకు. “సొంత బావమరిదిని ఫెయిల్ చేసిన ఘనుడమ్మా! అప్పట్నుంచీ అత్తారింట్లో వీడికి చల్లారిన కాఫీయే.”

కారు కదిలింది. కూతురు వెనక సీట్లో, బ్రేకు కాలు ఐమూలగా కనిపించేలా తల్లి వెనక కూర్చుంది. వీధి చివర మలుపు రాకముందే బ్రేకు తన ఎడమ బూటును నెమ్మదిగా కుడి బూటు మీద పెట్టాడు.

“అలా కుదరదు మావయ్యా. తీయండి.”

తీశాడు. తీసి, కుడి మడమను నేలకు అదిమిపెట్టి, తొడ నుంచి బొటనవేలిదాకా బిగించాడు. స్నేహం చూసి ఎవరినీ పాస్ చేయని మనిషి. కానీ కాలు తొక్కిన ప్రతిసారీ అది తన తీర్పు కాదని ఆయనకే తెలుసు. ఒట్టి అలవాటు ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేస్తుందేమోనని ఆయన నుదుట చెమట పట్టింది.

బజారు వచ్చింది. తోపుడుబళ్లు రెండువైపులా రోడ్డును కొరుక్కుతింటున్నాయి. వెనక సీట్లోంచి బ్యాంకు పాత ఉద్యోగాల కబురు ఎత్తుకున్నాడు.

“నేను గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడేవాళ్లు. ఇప్పుడు నేను వస్తే మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. నీకేం గుర్తొస్తుందిరా, బ్రేకూ?”

“భయం. నా పక్కన కూర్చుని వణకని మనిషి ఉండేవాడు కాదు. ఇప్పుడు నేనే వణుకుతున్నా.”

“నేను జీవితమంతా జనాన్ని ‘ష్’ అన్నాను,” అంది పిచ్చుక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “ఇంక హారన్ కొట్టుకోవాలనుంది. దయచేసి ఇద్దరూ నోరు ముయ్యండి.”

ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మధ్యలో ట్రాఫిక్ ఆగిపోయింది. వెనక బస్సు అంటుకునేంత దగ్గరికి వచ్చి ఆగింది. ముందు బండ్లు కదలగానే కారు ముందుకు పోవలసింది పోయి వెనక్కి జారింది. బస్సు హారన్‌తో అద్దాలు అదిరాయి. కూతురు ముందు సీటును గట్టిగా పట్టుకుంది. పిచ్చుక పెదవి కొరుక్కుని, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను గుర్రుమనిపించి వదిలింది. కారు పైకి పాకింది.

దిగేచోట పక్కసందులోంచి ఒక సైకిలు వచ్చింది. తొక్కుతున్నది రంగులు వేసే మనిషి. భుజాన ముందుకు చాచిన నిచ్చెన. మనిషి ఇంకా సందులోనే ఉన్నాడు, నిచ్చెన మాత్రం రోడ్డు మధ్యకు వచ్చేసింది.

“అమ్మా!”

కారు కీచుమని ఆగింది. నిచ్చెన చివరి మెట్టు ముందు అద్దానికి జానెడు దూరంలో అటూ ఇటూ ఊగి, దాటిపోయింది. రంగులాయన కారువైపు చూడనే లేదు.

బ్యాంకు పైప్రాణాలు పైనే పోయాయి. కూతురు చూపు మాత్రం కింద, ఆ బూటు మీద ఉంది. బూటు కదల్లేదు. సినిమా కార్లను కూడా ఆపిన కాలు, నిజమైన నిచ్చెన ఎదురొస్తే, శిలావిగ్రహంలా ఉండిపోయింది.

హోటలు ముందు కారు గోడకు తగలకుండా ఆగింది. పిచ్చుక ఇంజను ఆపి, తాళం పట్టుకుని, అలాగే కూర్చుంది.

“సరేలే అమ్మా,” అంది కూతురు. “కారు అమ్మం. కానీ గేటు వెడల్పు చేయిద్దాం.”

పిచ్చుక బ్రేకు వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “నిజంగా అంత నమ్మావురా నన్ను?”

“నిచ్చెన నాకంటే ముందు నువ్వే చూశావు,” అన్నాడు ఆయన. అది నిజం. “నా దగ్గర పరీక్షకి వచ్చినా పాసయ్యేదానివి.”

ఆ మాట ఆ నోటి నుంచి విన్నవాళ్లు చాలా తక్కువమంది. బ్యాంకు చప్పట్లు కొట్టాడు. ఈ ఘట్టం తర్వాత మిత్రబృందంలో ఎన్నోసార్లు వర్ణించబడింది, ప్రతిసారీ నిచ్చెన కొంచెం పొడుగవుతూ. ముగ్గురూ దిగి, గుమ్మందాకా వెళ్లి, రమ్మని కేక వేశారు.

బ్రేకు దిగలేదు. ఆయన కుడికాలు ఫ్లైఓవర్ ఎక్కకముందే తిమ్మిరెక్కిపోయింది.